మందు గోడకు చేరిందా?

వానలు దగ్గర పడుతున్నాయంటే మన్యంలో దోమల మందు పిచికారీ లెక్కలు పత్రికలకెక్కుతాయి. ఇన్ని ఊళ్లు, ఇన్ని ఇళ్లు, మొదటి విడత పూర్తి, రెండో విడత మొదలు. ఆ ప్రకటనల్లో నాకెప్పుడూ కనిపించని అంకె ఒకటుంది. కొట్టిన మందులో గోడ మీద ఎంత నిలిచింది? మలేరియా తగ్గేదీ తగ్గనిదీ తేల్చేది ఆ అంకే.

ఆడ అనాఫిలిస్ దోమ రాత్రిపూట రక్తం తాగి, ఆ బరువుతో ఎక్కువ దూరం ఎగరలేక దగ్గర్లోని గోడ మీద వాలుతుంది. రోగి రక్తంతో దాని కడుపులోకి చేరిన మలేరియా క్రిమి ఇంకొకరికి అంటుకునే దశకు రావడానికి ఇంచుమించు పది రోజులు, చలి వాతావరణంలో ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోగా దోమ మళ్లీ మళ్లీ రక్తానికి వస్తుంది, మళ్లీ మళ్లీ గోడ మీద వాలుతుంది. మందున్న గోడ మీద వాలి ఆ గడువు లోపలే చస్తే జబ్బు మరో మనిషికి పాకదు. అందుకే వీధుల్లో కళ్లకు ఆర్భాటంగా కనిపించే ఫాగింగ్ పొగ కంటే, ఇంట్లో గోడకు కొట్టే ఈ మందే మలేరియాకు అసలైన అడ్డుకట్ట. గోడ మీద ఆ మందు మోతాదు చాలకపోతే నెలల తరబడి పనిచేయాల్సిన మందు వారాల్లోనే నీరుగారిపోతుంది.

లెక్క చూడండి. సిబ్బంది ఏసీఎం అని పిలిచే ఆల్ఫా సైపర్‌మెత్రిన్ 5 శాతం పొడిని 250 గ్రాములు తూచి 10 లీటర్ల నీళ్లలో కలుపుతారు. ఆ నీళ్లు 500 చదరపు మీటర్ల గోడకు సరిపోవాలి. అంటే చదరపు మీటరుకు 25 మిల్లీగ్రాముల మందు. అందుకు నాజిల్ నుంచి నిమిషానికి 740 నుంచి 850 మిల్లీలీటర్లు రావాలి. నాజిల్ గోడకు 45 సెంటీమీటర్ల దూరంలోనే కదలాలి. ఇవన్నీ కుదిరితేనే ఆ 25.

ఇంత నాజూకు పనికి దశాబ్దాలుగా మనం ఇచ్చిన పనిముట్టు స్టిరప్ పంపు. దాన్ని బకెట్లో నిలిపి, కాలితో అదిమిపట్టి ఒకరు కొడుతుంటే, ఇంకొకరు గొట్టం పట్టుకుని గోడకు చల్లాలి. కొట్టే చెయ్యి అలిస్తే ఒత్తిడి పడిపోతుంది. ఎండలో కొండలెక్కి ఊరూరా తిరిగే మనిషి చెయ్యి అలవకుండా ఎలా ఉంటుంది? పొడి రేణువుల రాపిడికి నాజిల్ రంధ్రం అరిగి పెద్దదవుతుంది. అప్పుడు మందు గోడకు పట్టకుండా చారలు కట్టి నేలకు కారుతుంది. కలియబెట్టడం ఆపితే పొడి బకెట్ అడుక్కి దిగుతుంది. ఒక ఇంటికి పలుచన, పక్కింటికి చిక్కన. రికార్డులో మాత్రం రెండిళ్లకూ మందు కొట్టినట్టే.

ఇది ఊహ కాదు. బీహార్‌లో కాలా అజార్ అనే జబ్బును అరికట్టడానికి డీడీటీ కొట్టిన ఇళ్ల గోడలను పరీక్షిస్తే, చాలా ఇళ్లలో మందు ఉండాల్సిన మోతాదుకు తక్కువే ఉందని 2015లో వెలువడిన అధ్యయనం తేల్చింది. తర్వాత అక్కడ మందూ మార్చారు, పంపూ మార్చారు. భుజాన తగిలించుకునే కంప్రెషన్ పంపులు వచ్చాయి. వాటికి ఒత్తిడిని నిలకడగా ఉంచే చిన్న వాల్వు బిగిస్తే, ట్యాంకులో గాలి తగ్గుతున్నా నాజిల్ దగ్గర ధార మారదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వాల్వును సిఫారసు చేస్తోంది. త్వరగా అరగని సిరామిక్ నాజిళ్లూ ఉన్నాయి. ఇవేవీ మన స్తోమతకు మించినవి కావు.

పంపు మారితే సగం పనే అయినట్టు. మట్టి గోడ మందును కొంత లోపలికి పీల్చేసుకుంటుంది. మిగిలిన దాని మీద పండక్కో పెళ్లికో ఎర్రమట్టి, పేడ కలిపి అలికితే, కొట్టిన మందంతా కొత్త పూత కింద పడిపోతుంది. తప్పు అలికిన ఆడవాళ్లది కాదు. ఊరి పండగలేవో కనుక్కుని, అలుకుడు అయ్యాకే మందు కొట్టి, తర్వాత రెండు మూడు నెలలు గోడ ముట్టుకోవద్దని వాళ్ల భాషలో చెప్పాల్సిన బాధ్యత ఆరోగ్య శాఖది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేది, 8 లక్షల మంది చనిపోయేవారు. పిచికారీ పుణ్యమా అని 1960లలో కేసులు లక్షకు దిగాయి. ఆ తర్వాత దోమలు మందుకు అలవాటుపడ్డాయి, మనం అలసత్వంలో పడ్డాం. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. ఇప్పుడు 2030కల్లా మలేరియాను నిర్మూలిస్తామంటున్నాం. ఆ అలసత్వం మళ్లీ పనికిరాదు.

రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు కొలజాడీ, గడియారం పెట్టుకుని ప్రతి నాజిల్‌నూ ఒక నిమిషం పరీక్షించండి. అరిగినదాన్ని అక్కడికక్కడే మార్చండి. మందు కొట్టే మనిషికి మాస్కు, గ్లౌజులు, సరైన శిక్షణ, ఆలస్యం కాని కూలి ఇవ్వండి. మందు కొట్టిన గోడల నుంచి నమూనాలు తీసి, ఇళ్ల లెక్క పక్కనే మోతాదు లెక్కనూ ప్రకటించండి. ఆ రెండో లెక్క లేని నివేదికను ఏ కలెక్టరూ ఆమోదించకూడదు.