పరీక్ష యెవరి కొఱకు?

మన పాఠశాలలయందు పరీక్షలకు కొదువ లేదు. బిడ్డ బడిలో కాలు పెట్టినది మొదలు ఉపాధ్యాయుడు కొలుచుచునే యున్నాడు; మార్కులు రిజిస్టరున కెక్కుచునే యున్నవి; ఆ యంకెలు మండలమునకును, జిల్లాకును, రాజధానికిని పోవుచునే యున్నవి. ఇన్ని కొలతలు జరుగుచుండగా, ఐదవ తరగతి బాలుడు రెండవ తరగతి వాచకమును తడబడక చదువలేకున్నాడను మాట మాత్రము మరల మరల వినవలసి వచ్చుచున్నది. లోప మెక్కడ నున్నది?

ప్రథమ్ సంస్థవారు 2005 మొదలు గ్రామములలో ఇంటింటికి బోయి, పిల్లలచే స్వయముగా చదివించి ప్రకటించుచున్న 'అసర్' నివేదికలను చూడుడు. దేశమందలి పల్లెలలో ఐదవ తరగతి చదువువారిలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు 2022లో నూటికి సుమారు 43గురు. 2024లో సుమారు 49గురు. కొంత మేలు గలిగినందులకు సంతసింతము. కాని తక్కిన సగము మంది గతి యేమి? వారును ఐదవ తరగతికి వచ్చునప్పటికి ఎన్నో పరీక్షలు వ్రాసినవారే గదా! ఆ పరీక్షలలో బయటపడిన కొఱతను తీర్చినవా రెవరు?

2009 నాటి విద్యాహక్కు చట్టము ఎనిమిదవ తరగతి వఱకు బిడ్డను తరగతిలో నిలిపివేయరాదని శాసించి, నిరంతర సమగ్ర మూల్యాంకనమును విధించినది. ఉద్దేశ ముదాత్తమైనది. నిర్మాణాత్మక మూల్యాంకనము వేఱు, సంగ్రహణాత్మక మూల్యాంకనము వేఱు. ఈ భేదమును 1967లో మైకేల్ స్క్రివెన్ అను పండితుడు పేర్లు పెట్టి చూపినాడు. మన రైతు కీ భేదము క్రొత్తది కాదు. పైరు ఎదుగుచుండగా గట్టున నిలిచి ఆకు రంగు చూచి నీరు పెట్టుట మొదటిది. కళ్ళములో కుంచముతో ధాన్యము కొలుచుట రెండవది. కళ్ళములో పదిమార్లు కొలిచినను గింజ యొక్కటియు పెరుగదు. మన బడులలో మొదటి దానికిని మార్కులు కట్టి, మొత్తములో కలిపి, దానిని గూడ చిన్న కళ్ళముగా మార్చివేసితిమి.

ఈ పొరపాటు పాతదే. 1862లో ఆంగ్లదేశమున, ఇన్‌స్పెక్టరు చేయు పరీక్షలో పిల్లలు చూపిన ఫలితమును బట్టి పాఠశాలకు ద్రవ్యసహాయ మిచ్చు పద్ధతి వచ్చినది. ఫలితమేమి? పిల్లలు పుస్తకమును కంఠస్థము చేసిరి. బోధన పరీక్షదినమునకు దాస్యము చేసినది. స్వయముగా ఇన్‌స్పెక్టరైన మాథ్యూ ఆర్నల్డే దానిని ఖండించెను. ఆ పద్ధతియే మదరాసు రాజధానికిని దిగుమతియై మన బడులను గూడ కొంతకాలము పీడించినది. కొలతకు భయము తోడైనచో విద్య నటనయగునని ఆ చరిత్ర బోధించుచున్నది.

ఇప్పుడు గాలి మరల మాఱినది. 2019లో చట్టము సవరింపబడి, ఐదవ, ఎనిమిదవ తరగతులలో తప్పినవారిని నిలుపు నధికారము ప్రభుత్వములకు లభించినది. 2024 డిసెంబరున కేంద్రము నియమములను ప్రకటించినది: తప్పిన బిడ్డకు అదనముగా బోధించి రెండు మాసములలో మరల పరీక్షింపవలెను, అప్పటికిని తప్పినచో నిలుపవలెను, బడినుండి మాత్రము వెడలగొట్టరాదు. రాని చదువును వచ్చినదని పైతరగతికి పంపుట వంచనయే యని మేమును అంగీకరింతుము. కాని నిన్న అర్థము కాని పాఠమునే, నిన్నటి రీతిగానే, మఱియొక యేడు చెప్పినంతమాత్రమున అర్థమగునా? ఆ నియమములకు ప్రాణము ఆ రెండు మాసముల బోధనయందున్నది. అది కాగితమున మిగిలినచో, శిక్ష యనుభవించునది కూలివాని బిడ్డయే. ఒకమారు నిలిచిపోయిన పేదపిల్ల బడి మానుటకు ఎంతో కాలము పట్టదు.

మార్గము లేదనుటకు వీలులేదు. మదనపల్లె సమీపమున రిషివ్యాలీ వారి గ్రామీణ పాఠశాలలలో పాఠములను చిన్న మెట్లుగా విభజించి నిచ్చెన కట్టిరి. బిడ్డ తన మెట్టున తానుండి, అభ్యసించి, అచ్చటనే పరీక్షితుడగును; రాకున్న మరల అభ్యసించును, వచ్చిన పై మెట్టెక్కును. ఒకే గదిలో వేర్వేఱు తరగతులవారు ఈ రీతిగా చదువుదురు. అచ్చట పరీక్ష తీర్పు కాదు, దారి చూపు దీపము.

కావున పాలకులను మేము కోరునది స్వల్పము. ఉపాధ్యాయుని అంకెల లేఖనమునుండి విముక్తుని జేసి, ఆ కాలమును వెనుకబడిన బిడ్డకిండు. ప్రతి పరీక్షయు ముగిసిన వారములోనే, ఆ బిడ్డకు రానిదానిని మరల బోధింపుడు. తల్లిదండ్రులకు మార్కులు మాత్రమే గాక, 'మీ యమ్మాయి తీసివేతలు నేర్చినది, భాగహారము ఇంకను రాలేదు' అని తేటతెలుగున తెలుపుడు. తలిదండ్రులారా! మీరును 'ఎన్ని వచ్చినవి?' యని యడుగుట మాని, 'ఏమి వచ్చినది?' యని యడుగుడు.

రాజధానికి పోయిన అంకె మరలి బిడ్డ పలకమీదికి రానిచో, ఆ పరీక్ష బిడ్డ కొఱకు జరిగినది కాదు.