ఇంటి పిల్లి – మూత్రపు బాధ



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములలో పిల్లి కేవలము ముద్దునకై పెంచబడు జంతువు గాదు. వడ్లు, జొన్నలు, పల్లికాయ బస్తాలలో నిలువచేసికొను కాపుటిండ్లలోను, పట్టునూలును ఇంటనే దాచుకొను నేతవారి యిండ్లలోను ఎలుకవంటి శత్రువు మఱియొకటి లేదు. ఆ శత్రువును తఱుముటకే పిల్లికి మన గడపలో చోటు దొరకినది. పిదప పిల్లల చేతులలో పెరిగి అది యింటిమనిషి వంటిదైనది. అట్టి పిల్లియే యొకనాడు పరుపుపైనో, బియ్యపు బస్తాపైనో, మగ్గపు గుంతలోనో మూత్రము విడువ మొదలిడినచో ఇల్లాలి యోర్పు నశించును. అత్తగారు పిల్లిని తిట్టుదురు. కోడలు నేల కడిగి కడిగి విసిగిపోవును. తుదకు ఎవరో యొకరు దానిని గోనెసంచిలో మూటగట్టి ఊరవతల విడిచి వత్తురు.

ఈ శిక్ష వేయుటకు ముందు ఒక్క సంగతి యాలోచింపవలెను. పిల్లి స్వభావముచేతనే శుచిగల జంతువు. తన మలమూత్రములను తానే మట్టితో గప్పుకొనును. అట్టిది తన యలవాటును విడిచినదనగా అందులకు కారణ మొకటి యుండితీరవలెను. పగచేత గాని, పొగరుచేత గాని అది యట్లు చేయదు. ఆ కారణములు ముఖ్యముగా మూడు: రోగము, తావు కుదరకపోవుట, జాతిధర్మము. వీనిని ఈ వరుసలోనే పరీక్షింపవలెను. ఏలనన మొదటిది ప్రాణముతో గూడిన విషయము.

పిల్లి మాటిమాటికి మూత్రమునకు గూర్చుండి ఒకటి రెండు చుక్కలు మాత్రమే విడుచుచున్నను, మూత్రములో నెత్తురు కనబడినను, అఱచుచు ఆ భాగమును నాకుకొనుచున్నను మూత్రాశయమున వాపో రాళ్లో యున్నవని యనుమానింపవలెను. గండుపిల్లుల మూత్రనాళము మిక్కిలి సన్నము. అందు ఇసుకవంటి స్ఫటికములు గాని, జిగురు గాని అడ్డుపడినచో మూత్రము బొత్తిగా నిలిచిపోవును. అప్పుడు బయటకు పోవలసిన విషములును, పొటాషియమును రక్తములో పేరుకొని, ఒకటి రెండు దినములలోనే గుండె యాగి పిల్లి చనిపోవచ్చును. పిల్లి ముక్కుటను జూచి మలబద్ధమనుకొని ఆముదము పట్టించుచు కాలము గడుపరాదు. గండుపిల్లి ముక్కుచు చుక్కయైనను విడువలేకున్న యెడల రేపటివఱకు ఆగక, ఆ పూటనే పశువైద్యుని కడకు గొనిపోవలెను. మఱియొక హెచ్చరిక: జ్వరమునకు, నొప్పికి మనము మ్రింగు పారాసిటమాల్ మాత్ర పిల్లికి విషము, ఒక్క మాత్రయే దాని ప్రాణము తీయగలదు. ముసలి పిల్లి అధికముగా నీరు త్రాగి అధికముగా మూత్రము విడుచుచున్నచో మధుమేహమో, మూత్రపిండముల వ్యాధియో యుండవచ్చును. కీళ్లనొప్పులచేత గడప దాటలేక లోపలనే విడుచుటయు గలదు.

ఈ రోగమునకు నీటితో గొప్ప సంబంధము గలదు. మన యింటి పిల్లికి మూలము పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికాల అడవిపిల్లి. సైప్రసు ద్వీపమున దాదాపు 9,500 సంవత్సరముల నాటి సమాధిలో మనుష్యుని చెంతనే పాతిపెట్టిన పిల్లి యెముకలు దొరకినట్లు 2004లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అంత పాతది దాని చెలిమి. అయినను దాని దేహధర్మము నేటికిని నీరులేని నేలకు దగినదే. దానికి దాహము తక్కువ, మూత్రము చిక్కన. వేటాడిన మాంసములోని తడితోనే అది చాలవఱకు గడుపుకొనును. పాలమూరు వేసవిలో ఎండు ఆహారము మాత్రము పెట్టి నీళ్లగిన్నె సంగతి మఱచినచో మూత్రము మఱింత చిక్కనై రోగమునకు దారితీయును. కావున ఇంటిలో రెండు మూడు తావుల వెడల్పాటి మట్టిమూకుళ్లలో చల్లని నీరుంచి దినదినము మార్చవలెను. పెరుగన్నము మాత్రమే పెట్టుటయు చాలదు. మాంసములోను చేపలలోను ఉండు టారిన్ అను పదార్థము చాలనిచో పిల్లి కన్నులును గుండెయు చెడును. మాంసము ముట్టని యిండ్లవారు పిల్లుల కొఱకే తయారగు తడి ఆహారమును కొని పెట్టవచ్చును.

రోగము లేదని తేలిన పిదప తావును విచారింపవలెను. పూర్వము మన యిండ్లకు మట్టి పెరడుండెడిది. పిల్లి అచ్చటికి బోయి, గుంట త్రవ్వుకొని, పని ముగించుకొని వచ్చెడిది. నేడు పెక్కిండ్లలో పెరడంతయు షాబాదు బండలతోను, సిమెంటుతోను నిండినది. మెత్తని మన్ను దొరకని పిల్లికి పరుపును, ఉతుకవలసిన బట్టల మూటయు మట్టివలె తోచును. తావును మనమే తీసివేసి తప్పును దానిపై మోపుట న్యాయమా? వెడల్పుగల తొట్టిలో జల్లించిన ఇసుకను నాలుగంగుళముల మందమున పోసి, అలికిడి లేని మూలను, అన్నపు గిన్నెకు దూరముగా నుంచవలెను. ఇంట పిల్లులెన్ని యున్నవో అంతకంటె ఒక తొట్టి యెక్కువ యుండుట మేలు. అది విడిచినదానిని దినమునకొక మాఱైనను ఎత్తివేయవలెను. మురికి తొట్టిని పిల్లి ముట్టదు.

ఇచ్చట గర్భిణుల కొక మాట. పిల్లి మలములో టాక్సోప్లాస్మా అను సూక్ష్మజీవి యుండవచ్చును. అది గర్భస్థశిశువునకు హాని చేయగలదు. మలము బయటబడిన 1 నుండి 5 దినములకు గాని అది అంటుకొను స్థితికి రాదు గావున, దినదినము తొట్టి శుభ్రపఱచుటయే మంచి రక్ష. ఆ నెలలలో ఆ పని ఇంటిలో మఱియొకరు చేయవలెను. పురుషులు చేసినను తప్పులేదు. కోడలు కడుపుతో నున్నదని పిల్లిని వెడలగొట్ట నక్కఱలేదు, పని చేయువారిని మార్చిన జాలును.

ఇక మూడవది జాతిధర్మము. పిల్లి నేలపై గూర్చుండి విడుచుట వేఱు. తోక నిక్కబొడిచి వణకించుచు గోడపైనో, తలుపుపైనో వెనుకకు చిమ్ముట వేఱు. ఈ రెండవది మూత్రావసరము గాదు, హద్దు గుర్తు. నాగర్‌కర్నూలు జిల్లా నల్లమలలోని అమ్రాబాదు అభయారణ్యమున పెద్దపులి చెట్టు బోదెపై చిమ్ముచు తిరుగునదియు ఇందులకే. బాస్మతి బియ్యమునకు కమ్మని వాసన నిచ్చు పదార్థమే పులి చిమ్ము ద్రవములోను గలదని 1990లో బ్రహ్మచారి అను వంగదేశ శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును తెలిపిరి. మన గండుపిల్లి కట్టి కమ్మదనము లేదు! దాని మూత్రములో ఫెలినిన్ అను పదార్థ మధికముగా నుండి, విఱిగి, ఆ ఘాటైన కంపును పుట్టించును. దీనికి మందు కోడెకు చేయించునదే – విత్తులు తీయించుట. అయిదాఱు నెలల వయస్సున పశువైద్యునిచేత మత్తుమందిచ్చి చేయించిన యెడల, పదింట తొమ్మిది గండుపిల్లులు చిమ్ముట మానును, లేక మిక్కిలి తగ్గించును. ఎదకు వచ్చిన ఆడుపిల్లియు చిమ్ముట గలదు. దానికిని శస్త్రచికిత్స కలదు. క్రొత్త పిల్లి వచ్చుట, ఇల్లు మాఱుట, పొరుగు గండుపిల్లి కిటికీ యొద్ద తిరుగుట కూడ చిమ్ముటకు కారణములగును.

కారణము తొలగినను వాసన మిగిలినచో పిల్లి మరల అచ్చటికే వచ్చును. కావున శుభ్రపఱచుట తెలియవలెను. మొదట పాతగుడ్డతో అద్ది తడిని తీసి, ఎంజైములు గల బట్టలసబ్బు పొడిని నీటిలో కలిపి కడిగి, మంచినీటితో తుడిచి, ఎండ తగులనీయవలెను. అమోనియాగల ద్రవములు వాడరాదు. వాని వాసన మూత్రపు వాసనవలెనే యుండి పిల్లిని మరల పిలుచును. బ్లీచింగు పొడి చల్లరాదు. మూత్రముతో గలిసి ఊపిరికి హానిచేయు వాయువు పుట్టును. ఫినాయిలును, కలరా ఉండలును పిల్లికి విషములు. తడిసిన పాదములను నాకుకొనుట దాని యలవాటు గావున, నేలపైని ఫినాయిలు దాని కడుపులోనికే పోవును.

గద్వాల, రాజోలి, అయిజ, అమరచింతల నేతయిండ్ల సోదరీమణులు మఱియొక సంగతి గుర్తుంచుకొనవలెను. నూలు చీరకు పట్టు అంచును, పట్టు కొంగును జోడించు గద్వాల చీరలో దినముల కొలది శ్రమ యిమిడియున్నది. మూత్రము ఎండినకొలది క్షారమగును. క్షారము పట్టును కొఱుకును, జరీని నలుపెక్కించును. వెంటనే చల్లని నీటితో అద్ది తీయవలెనేకాని రుద్దరాదు. చాకలిసోడా తగులనీయరాదు. నేలకు మేలుచేయు ఎంజైము పొడి పట్టునకు కీడు; పట్టును మాంసకృత్తియే గావున అది పట్టునే తినివేయును. అన్నిటికంటె మంచి యుపాయము, పని ముగియగానే పడుగును గుడ్డతో గప్పి, మగ్గపు గుంతపై పలక మూయుట.

కొట్టుటవలన ఫలము లేదు. దాని ముక్కును మూత్రములో రాచుటవలనను లేదు. దెబ్బ తిన్న పిల్లి మూత్రము మానదు, మన కంటబడని మూలను వెదకుకొనును. బెదురుచేత రోగమును పెరుగును. ఇక ఊరవతల విడుచుట దయలేని పని మాత్రమే గాదు. ఆకలి దప్పులకు గుఱియగునట్లు పెంపుడు జంతువును విడుచుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరము. నోరులేని జీవము తన బాధను తెలుపుటకు దానికి తెలిసిన రీతిని తెలుపుచున్నది. చీపురుకట్ట నెత్తుటకు ముందు, అది యెచ్చట, ఎట్లు, ఎంత విడిచినదో ఒక్కమాఱు నిదానించి చూడుడు. చూచిన యిల్లాలికి కారణము దొరకును. కారణము దొరకిన యింట పిల్లియు నిలుచును, పరుపును పొడిగా నుండును.