సర్కస్సా, జాతరా?

మా వడమాలపేటలో టెస్టు క్రికెటర్ని కళ్ళారా చూసినోళ్ళు ఎంతమంది? చెన్నై చేపాక్‌కి పొయ్యొచ్చిన కొందరిని తీసేస్తే మిగతా అందరం టీవీలో చూసినోళ్ళమే. అందుకే 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ అనంతపురంలో అనగానే మా అక్కకొడుకుని వెంటేసుకుని బయల్దేరాను. ఆఫీసులో ఒక పెద్దమనిషి మాత్రం "అనంతపురమా? అక్కడికి ఫ్లైటు కూడా లేదు కదా!" అని నవ్వాడు. నా మంటంతా ఆ నవ్వు మీదే.

ఆ ఏడు ఆరు మ్యాచుల్లో ఒకటి బెంగుళూరు చిన్నస్వామిలో, మిగతా అయిదూ అనంతపురం ఆర్డీటీ మైదానాల్లో జరిగాయి. ఆర్డీటీ అంటే విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు. మానవ్ సుతార్ ఒకే ఇన్నింగ్స్‌లో 7 వికెట్లు తీసిందీ, ఇషాన్ కిషన్, సంజూ శాంసన్ సెంచరీలు కొట్టిందీ అక్కడే. సెప్టెంబర్ 22న ఇండియా-ఎ జట్టు ఇండియా-సి మీద 132 పరుగులతో గెలిచి కప్పు ఎత్తుకుంది. ఫ్లైటు లేదని ఆటేమన్నా ఆగిందా?

మరి 2025లో? టోర్నీ మొత్తం బెంగుళూరులో, బోర్డువారి సొంత సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌లో! డెమో బ్రహ్మాండంగా నడిచాక ప్రాజెక్టు ఎత్తేసినట్టు.

ఒక్కసారి అమెరికా బేస్‌బాల్ చూడండి (అన్నిటికీ అమెరికానేనా అని తిట్టుకోకండి, పనుంది). సీజన్‌కి ముందు ఫిబ్రవరి, మార్చి నెలల్లో జట్లన్నీ ఫ్లోరిడాకో, అరిజోనాకో పోయి తయారవుతాయి. దాన్నే స్ప్రింగ్ ట్రెయినింగ్ అంటారు. బ్రూక్లిన్ డాడ్జర్స్ 1948లో ఫ్లోరిడాలోని వీరో బీచ్ అనే చిన్న ఊళ్ళో, నేవీ వదిలేసిన విమాన స్థావరంలో డాడ్జర్‌టౌన్ తెరిచారు. దక్షిణాది హోటళ్ళు నల్లవాళ్ళకి చోటివ్వని ఆ రోజుల్లో జాకీ రాబిన్సన్ అక్కడ తెల్ల ఆటగాళ్ళతో కలిసే ఉన్నాడు. 1958కల్లా జట్టే లాస్ ఏంజెలిస్‌కి మారిపోయింది. అయినా ఏటా శిక్షణకి మాత్రం దేశం ఆ చివర్నించి ఈ చివరకి, వీరో బీచ్‌కే వచ్చేవాళ్ళు. 2008 దాకా, అరవై ఏళ్ళు!

"వాళ్ళకి రన్‌వే ఉందిగా" అంటారా? మనకి బెంగుళూరు నుంచి నున్నటి హైవే ఉంది స్వామీ! నాలుగైదు గంటల ప్రయాణం. రంజీ కుర్రాళ్ళు ఎన్నో ఏళ్ళుగా ఆ దారినే వస్తున్నారు, పోతున్నారు. స్టార్లకి మాత్రం నడుము నొప్పులా?

నిజమే, డాడ్జర్స్ కూడా చివరికి లాస్ ఏంజెలిస్‌కి దగ్గరని అరిజోనాకి వెళ్ళిపోయారు. పోనీండి. ఈలోపు తాత, తండ్రి, కొడుకు మూడు తరాలూ కంచె పక్కన నిలబడి చూశాయి. ఆట ఊరికి అంటుకునేది అలాగే. ఊరికో పెద్ద స్టేడియం కట్టమని నేను అడగడంలేదు. కట్టినచోటికి ఏటా రండి, కనీసం రెండు మ్యాచులకి రండి అంటున్నా. సర్కస్ ఒకసారొచ్చి డేరా ఎత్తేస్తుంది. తిరుపతి గంగజాతర ఏటా వస్తుంది కాబట్టే పిల్లోళ్ళు ఏడాదంతా ఎదురుచూస్తారు.

2025 ఆగస్టులో మావాడు ఫోన్ చేశాడు. "మామా, ఈ తూరి అనంతపురం ఎప్పుడు పోతాం?"

ఫ్లైటు లేదంట నాయనా అని వాడికెట్టా చెప్పేది?