స్టీరింగ్ పట్టాం సరే, పానా ఎప్పుడు పడతాం?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, పాడేరు వైపు నుంచి హైదరాబాద్ వచ్చిన మనవాళ్లలో చాలామంది చేతిలో ఉన్నది స్టీరింగే. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవో 3ని కొట్టేశాక ఏజెన్సీలో టీచర్ పోస్టు మీద ఆశ సన్నగిల్లింది. బీఈడీ చేసినవాళ్లు కూడా కృష్ణానగర్, బోరబండల్లో రూము తీసుకుని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లో కార్లు నడుపుతున్నారు. ఒకరు సినిమావాళ్ల ఇంట్లో డ్రైవర్, ఒకరు సొంత బండి షూటింగులకు పెట్టారు, ఇంకొకరు క్యాబ్. పక్కనున్న బంజారాహిల్స్‌కు ఆ పేరు మన బంజారాల వల్లే వచ్చిందంటారు. కొండకు మన పేరుంది, కొండ మీద మన పని మాత్రం బండి తోలడం దగ్గరే ఆగింది. కష్టపడి తినే పని, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ బానెట్ లేపగానే మనం పక్కకు జరిగి నిలబడుతున్నాం. మేం మాట్లాడుతున్నది దాని గురించే.

ఒక్క ఉదాహరణ చాలు. మనం నడిపే డీజిల్ కార్లు దాదాపు అన్నీ టర్బోవే. సిలిండర్ల నుంచి వచ్చే పొగను పోగుచేసి టర్బోకి పంపేది ఎగ్జాస్ట్ మానిఫోల్డ్. చాలా బండ్లలో అది పోత ఇనుము. లోడు మీద డీజిల్ పొగ వేడి 700 డిగ్రీల దాకా పోతుంది, పెట్రోల్ టర్బోలో 900 కూడా దాటుతుంది. కాగడం, చల్లారడం, మళ్లీ కాగడం. ఏళ్ల తరబడి ఇదే జరిగితే ఇనుము చీలుతుంది, లేదా గాస్కెట్ పోతుంది. పొద్దున చల్లని ఇంజిన్ స్టార్ట్ చేస్తే టిక్ టిక్ మంటుంది, వేడెక్కాక చప్పుడు తగ్గుతుంది. జాయింటు దగ్గర నల్లటి మసి కనిపిస్తుంది. చెక్‌పోస్టు దగ్గర ఎత్తు ఎక్కుతుంటే బండి లాగదు, ఎందుకంటే టర్బోని తిప్పాల్సిన పొగ మధ్యలోనే బయటికి పోతోంది. ఆ పొగ కారు లోపలికీ రావచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి ప్రాణం తీస్తుంది. నైట్ షూటింగ్ అయ్యేదాకా ఇంజిన్ ఆన్‌లో పెట్టి, ఏసీ వేసుకుని కారులో పడుకునేది ఎవరు? మనమే కదా.

ఇది తెలియకపోతే షెడ్డులో 'టర్బో మొత్తం పోయింది' అనగానే తల ఊపుతాం. బండి వారం ఆగినా కిస్తీ ఆగదు.

మరి ఇంటి దగ్గర మార్చొచ్చా? తెలిసినవాళ్ల పక్కన ఒకసారి చేశాక, మార్చొచ్చు. అదీ మన సొంత బండి అయితేనే. ఓనర్ కారునీ, వారంటీలో ఉన్న కారునీ ముట్టుకోవద్దు. కొన్ని ఇంజిన్లలో మానిఫోల్డ్, టర్బో హౌసింగ్ ఒకే ముక్కగా ఉంటాయి, ముందే చూసుకోవాలి.

పనిలో బలం కంటే ఓపికే ముఖ్యం. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి, బ్యాటరీ తీయాలి. కిందికి దూరాలంటే జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు పెట్టాలి. తుప్పు పట్టిన నట్లకు ముందురోజు రాత్రే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచాలి. తొందరపడి తిప్పితే స్టడ్డు విరిగి హెడ్‌లోనే ఉండిపోతుంది. అక్కడితో ఇంటి పని అయిపోయినట్టే, మెషిన్ షాపుకు పోవాల్సిందే. టర్బో ఆయిల్ పైపులు విప్పగానే రంధ్రాలు శుభ్రమైన గుడ్డతో మూయాలి. టర్బో చక్రం నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది, చిన్న వాషర్ పడినా పని ఖతం. గాస్కెట్లు కొత్తవే వేయాలి. నట్లు మధ్య నుంచి బయటికి, రెండు మూడు దఫాలుగా, మాన్యువల్‌లో ఉన్న టార్క్ ప్రకారం బిగించాలి. స్టార్ట్ చేసేముందు టర్బోకి ఆయిల్ అందేలా చూడాలి, లేకపోతే బేరింగు పోతుంది.

'డిగ్రీ చదివి మెకానిక్ పనా?' అనేవాళ్లకు ఒక్క మాట. చెవితో విని జబ్బు చెప్పడం, వరస తప్పకుండా విప్పి వరస తప్పకుండా బిగించడం, ఇదీ చదువే. అడవిలో ఏ చెట్టు బెరడు దేనికి పనికొస్తుందో చెప్పిన మన పెద్దలది ఇలాంటి చదువే. 'రేపు ఎలక్ట్రిక్ బండ్లొస్తే?' అంటారు ఇంకొందరు. ఇవాళ రోడ్డు మీదున్న బండ్లు ఇంకా ఏళ్లపాటు తిరుగుతాయి. ఒక యంత్రాన్ని విప్పడం వచ్చినవాడికి ఇంకోదాన్ని చూస్తే భయం ఉండదు.

అందుకే మా ప్రతిపాదన ఇది. ఐటీడీఏలను డ్రైవింగ్ లైసెన్సుతో సరిపెట్టొద్దని అడుగుదాం. ఏజెన్సీ ఐటీఐల్లో విప్పి నేర్చుకోవడానికి టర్బో ఇంజిన్ పెట్టమందాం. టెన్త్ అయిన తమ్ముళ్లతో పాటు చెల్లెళ్లను కూడా ఏడాది డీజిల్ మెకానిక్ కోర్సుకో, రెండేళ్ల మోటార్ వెహికల్ కోర్సుకో పంపుదాం. ఈలోపు హైదరాబాద్‌లో ఉన్నవాళ్లం తలా కొంత వేసుకుని ఒక టార్క్ రెంచ్, రెండు స్టాండ్లు, ఒక పానాల సెట్టు కొందాం. మనలో పని తెలిసిన అన్నలు నెలకో ఆదివారం నేర్పితే చాలు.

ఎవరి దగ్గర ఏ పనిముట్టు ఉందో, ఎవరికి ఏ పని వచ్చో కింద రాయండి. జాబితా మేం తయారుచేస్తాం.