ఉద్దెర పద్దులో మన కూలి

కూలి పెంచాలని కొట్లాడిన వాడలు మనకు చాలా ఉన్నాయి. పనులు బందు పెట్టి, పస్తులుండి, కేసులు మోసి పదో పరకో పెంచుకున్నాం. కానీ పెంచుకున్న ఆ రూపాయి చివరికి ఎవరి గల్లాలో పడుతున్నదో లెక్క చూసిన వాడలు తక్కువ. పొద్దంతా చేనులో ఒంగి సంపాదించింది పొద్దుగూకేసరికి కిరాణా దుకాణంలో కరిగిపోతున్నది. చేను కాడ జరిగే దోపిడి కండ్లకు కనబడ్తది. దుకాణం కాడ జరిగేది కనబడదు. ఎందుకంటే అది గుప్పెడు గుప్పెడుగా, పొట్లం పొట్లంగా పోతది.

"ఉప్పు పప్పులు కొనుడు ఆడోళ్ల పని, ఉద్యమానికి దానితో ఏం పని?" అనే కార్యకర్తలు మనలో ఉన్నారు. అంబేద్కర్ 1923లోనే రూపాయి సమస్య మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. ఆయన వారసులమని చెప్పుకునే మనం మన చేతిలోని రూపాయికి ఎంత సరుకు వస్తున్నదో చూసుకోకపోతే ఎట్లా? కూలి పోరాటం సగం చేనులో ఉంటే, మిగతా సగం దుకాణంలో ఉంది.

ముందు ఉద్దెర సంగతి చూద్దాం. నగదుకు కందిపప్పు కిలో 130 రూపాయలు అనుకుందాం. అదే పప్పు ఉద్దెరకు తెస్తే పద్దులో 150 రాస్తాడు. నెల తిరిగేసరికి కడతాం. అంటే 130 రూపాయల సరుకుకు నెలకు 20 రూపాయలు ఎక్కువ ఇచ్చినట్టు. నూటికి నెలకు 15 రూపాయల పైన వడ్డీ అన్నమాట! ఊళ్లో ఎవడన్నా నూటికి ఐదు రూపాయల వడ్డీ అంటే "వాడు నెత్తురు తాగుతున్నడు" అంటాం. నూటికి 15 గుంజేవాణ్ణి మాత్రం "పాపం, ఆపతికి ఉద్దెర ఇస్తడు" అంటాం. వడ్డీ అనే మాట పద్దులో ఎక్కడా ఉండదు, ధరలోనే కలిసిపోయి ఉంటది. అందుకే అది వడ్డీ అని మనకు తెల్వదు.

నష్టం పైసలతోనే ఆగదు. బాకీ ఉన్నోడు బేరం చేయలేడు. పక్క దుకాణానికి పోలేడు. పురుగుల బియ్యం పోసినా, పుచ్చు పప్పు కట్టినా వద్దనలేడు. తరాజు దిక్కు కన్నెత్తి చూడలేడు. పండిన పత్తి, మిరప ఆ బాకీ కిందనే, ఆయన చెప్పిన ధరకే తూకమేసి పోస్తడు. ఎలక్షన్లొస్తే పద్దు పుస్తకమే ఓటు కూడా అడుగుతది.

దీనికి మందు రెండు తీర్లుగా ఉంది. ఒకటి, పద్దు మన ఇంట్లో కూడా ఉండాలి. తెచ్చిన రోజు, సరుకు, తూకం, ధర ఇంట్లో చదువుకున్న పిల్లతో రాయించాలి. నెలాఖరున రెండు పద్దులూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండోది, ఉద్దెరను సంఘం అప్పుతో తీర్చెయ్యాలి. మహిళా సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి 2,000 తీసుకుంటే నెలకు 20 రూపాయలు అవుతది. అదే 2,000 సరుకు మీద పైన చెప్పిన ఉద్దెర లెక్కన 300 దాటుతది. సంఘం అప్పు పెండ్లికి, పండుగకు మాత్రమే కాదు, షావుకారు పద్దు నుంచి పేరు కొట్టేయించుకోవడానికి కూడా.

ఇక తూకం. కిలోకు 50 గ్రాములు తగ్గితే నూటికి ఐదు రూపాయలు పోయినట్టే. ఇరవై రోజులు కూలికి పోయినోడు ఒక రోజు ఉత్తగ చేసినట్టు. తూనికల చట్టం 2009లో కొత్తగా వచ్చింది. ఎలక్ట్రానిక్ కాంటాకు ఏడాదికొకసారి, రాళ్లకు రెండేండ్లకొకసారి శాఖ వాళ్లు తనిఖీ చేసి ముద్ర వెయ్యాలి. ఆ ముద్ర ఎక్కడుందో అడిగే హక్కు గిరాకికి ఉంది. కాంటా మీద సరుకు పెట్టకముందు సున్నా చూపాలి. డబ్బాతో, సంచితో కలిపి తూస్తే ఒప్పుకోవద్దు. సోల, తవ్వ, మానికలతో కొలిచి అమ్ముడు పాత దోపిడి, కిలోల్లోనే అడగాలి. అనుమానముంటే మూసిన కిలో ఉప్పు ప్యాకెట్ కాంటా మీద పెట్టించండి. కవరు బరువుతో కలిపి కిలోకు కొంచెం పైనే చూపాలి. తక్కువ చూపితే ఆ కాంటా సంగతి అక్కడనే బయటపడ్తది.

ప్యాకెట్ల మోసం వేరే. బియ్యం, పప్పు, నూనె లాంటివి ఫలానా తూకాల్లోనే ప్యాక్ చేయాలన్న పాత నిబంధనను 2022లో తీసేశారు. అప్పటి నుంచి లీటరు ప్యాకెట్ లాగే కనబడే నూనె ప్యాకెట్లు తక్కువ తూకంతో వస్తున్నాయి. లీటరు నూనె అంటే సుమారు 910 గ్రాములు. ప్యాకెట్ మీద 800, 850 గ్రాములని ఉంటే అది లీటరు కాదు. ధర ఒక్కటే చూస్తే మోసపోతాం, తూకం కూడా చదవాలి. గ్రాముకు, కిలోకు లేదా లీటరుకు ఎంత పడుతుందో ప్యాకెట్ మీద అచ్చు వెయ్యాలని కూడా 2022లోనే రూలు తెచ్చారు. రెండు ప్యాకెట్ల మీద ఆ అంకెను పోల్చి చూస్తే ఏది అగ్గువో అర్థమైతది. పెద్దది కొంటే ఎప్పుడూ అగ్గువ అనుకోవద్దు. షాంపూ లాంటివి సీసా కంటే చిన్న పొట్లాలే అగ్గువ పడే సందర్భాలున్నాయి. నూనె, పప్పు, టీ పొడి మాత్రం దినాం పది రూపాయల పొట్లం తెస్తే నెలకు చాలా ఎక్కువ పెట్టినట్టు. అచ్చువేసిన ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, దాని మీద ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల లోపు ప్యాక్ చేసి ముద్రేసిన బియ్యం, పప్పు, పిండి మీద ఐదు శాతం పన్ను వేశారు. విడిగా తూచి అమ్మే సరుకు మీద ఆ పన్ను లేదు.

కంట్రోలు దుకాణం మరిచిపోవద్దు. అది దయ కాదు, 2013 ఆహార భద్రతా చట్టం ఇచ్చిన హక్కు. ఆ చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఈ గింజలు ఉచితం. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో బండ్ల మీద పంచుడు ఆపి 2025 జూన్ నుంచి మళ్లీ దుకాణాల్లోనే ఇస్తున్నారు. వేలిముద్ర వేసినంక యంత్రం ఇచ్చే చీటీ తీసుకోండి, చీటీ మీది తూకం సంచిలో ఉందో లేదో చూడండి. సబ్బులు, ఉప్పు కొంటేనే బియ్యం పోస్తామంటే ఒప్పుకోవద్దు. ఆ బియ్యాన్ని దళారికి అగ్గువకు అమ్మి, దుకాణంలో ఎక్కువ పెట్టి బియ్యం కొనుడు మన నోట్లో మనమే మన్ను పోసుకునుడు.

వీటన్నిటికంటే పెద్ద లెక్క ఇంకొకటుంది. మన దగ్గర రూపాయి తీసుకునే చెయ్యి మన చెయ్యి తగలొద్దని చూసే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పైసలు గట్టు మీద పెట్టమంటరు, సరుకు మీద నుంచి జారవిడుస్తరు. రూపాయికి లేని అంటు మనిషికి ఎట్లా వచ్చింది? రాజ్యాంగం 15వ అధికరణ దుకాణంలోకి పోయే హక్కు పేరు పెట్టి రాసింది. సరుకు అమ్మనంటే 1955 పౌరహక్కుల చట్టం కింద నేరం. దుకాణంలోకి రానివ్వకపోవడం, సాంఘిక, ఆర్థిక బహిష్కరణ పెట్టడం అట్రాసిటీ చట్టం కింద నేరాలని 2015 సవరణ స్పష్టంగా చెప్పింది. 1991లో చుండూరులో హత్యాకాండకు ముందు నడిచింది సాంఘిక బహిష్కరణే. ఊరి దుకాణం తలుపు మనకు మూస్తే అది చిన్న ముచ్చట అని ఊరుకోవద్దు. ఆ రోజే కేసు పెట్టాలి.

కాని ఒకే దుకాణం మీద బతికే వాడ ఆ మూసిన తలుపు ముందు ఎన్ని రోజులు నిలబడ్తది? అందుకే మన గింజ మన దగ్గర ఉండాలి. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత ఆడోళ్లు 1990ల నడుమ పడావు భూములు దున్ని జొన్నలు పండించి, ఊరి గింజల నిధి పెట్టుకున్నారు. ఊళ్లో ఎవరు ఎక్కువ పేదోళ్లో ఊరే తేల్చుకుని వాళ్లకు అగ్గువకు పోసింది. అంత చేయలేకపోయినా కలిసి కొనుడు మనకు చేతనైతది. ముప్పై ఇండ్లు, ఇంటికి నెలకు రెండు కిలోల పప్పు, మొత్తం 60 కిలోలు. టోకున కొంటే కిలోకు 15 రూపాయలు తగ్గితే 900 మిగులుతది. ఆటో కిరాయి 300 పోయినా 600 వాడలోనే ఉంటది. ఇది ఒక్క పప్పు లెక్క. నూనె, చక్కెర, సబ్బులు కలుపుకుంటే ఎంతవుతదో మీరే చూసుకోండి. ఒక్కటే మాట: ధరల చీటీ గోడకు అంటించాలి, లెక్క నెలనెలా అందరి ముందు చదవాలి, మన కొనుగోలులో ఉద్దెర పెట్టొద్దు. ఉద్దెర చొరబడితే అది మన దుకాణమైనా మునుగుతది.

వచ్చే పక్షంలో ప్రతి సంఘం ఈ నాలుగు పనులు చెయ్యాలి. వాడలో ఎవరెవరికి ఎంత బాకీ ఉందో రాయండి. నగదు ధర, ఉద్దెర ధర పక్కపక్కన పెట్టి వడ్డీ కట్టి చూడండి. ఊళ్లోని ప్రతి కాంటా మీద ముద్ర ఉందో లేదో చూడండి. లేకపోతే తూనికల శాఖకు రాయండి, వినియోగదారుల ఫోను 1915కు, రేషన్ గోస అయితే 1967కు చెప్పండి. కలిసి కొనేటందుకు పది ఇండ్లతోనైనా మొదలుపెట్టండి.

కూలి అడిగేటప్పుడు గొంతెత్తుతం. తరాజు ముందు మాత్రం తల దించుకుంటం. ఇక ముందు అక్కడ కూడా తలెత్తి, ముల్లు దిక్కు చూసి నిలబడదాం.