బాలల పుస్తకం: రాణిగారి నగలు

ఖరగ్‌పూర్ ట్రాఫిక్‌లోని మన తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ మారు ఇ. నెస్బిట్ 1906లో ప్రచురించిన ‘ది స్టోరీ ఆఫ్ ది అమ్యులెట్’ను సూచిస్తున్నాము. నలుగురు తోబుట్టువులు ఈజిప్టు తాయెత్తులో సగభాగం సంపాదించి, తక్కిన సగానికై గతకాలంలోనికి ప్రయాణిస్తారు. మంత్రమహిమల కంటె మమ్ము ఆకర్షించిన ఘట్టం వేరొకటి. లండను వచ్చిన బాబిలోను రాణి, బ్రిటిష్ మ్యూజియంలోని నగలు తనవేనంటుంది. ఆమె మాటలో న్యాయం లేకపోలేదు!

లండను దూరమే గాని, 1814లో స్థాపితమైన కోల్‌కతా ఇండియన్ మ్యూజియం మనకు రైలులో కొద్ది గంటల దూరం. అక్కడ ఈజిప్టు మమ్మీ ఉన్నది. పిల్లలు దయ్యమని జడిస్తే నవ్వక, అది ఒకనాడు మనవలె బ్రతికిన మనిషి దేహమని చెప్పండి. ‘మరి ఇక్కడికెందుకు తెచ్చారు?’ అని అడిగితే రాణి కథ తెలుగులో వినిపించండి.