చందవరము – చిత్తవైద్యము

గుంటూరు–నంద్యాల రైలుమార్గమున దొనకొండ స్టేషనులో దిగి వాయవ్యముగా పది కిలోమీటర్లు పోయినచో గుండ్లకమ్మ యొడ్డున చందవరము గలదు. అచ్చటి సింగరకొండపై శాతవాహనుల కాలమున వెలసిన మహాస్తూపమును 1964లో వేలూరి వేంకటకృష్ణశాస్త్రిగారు కనుగొనిరి. 1972 మొదలు 1977 వఱకు నాలుగుమార్లు త్రవ్వకములు జరిగినవి. కాశినుండి కంచికి పోవు భిక్షువులు ఈ కొండపై విశ్రమించెడివారని చెప్పుదురు. వా రభ్యసించిన విద్యలలో నొకదానికి నేడు లోకమంతట గిరాకి కలిగినది. ఆ గిరాకి లేనిది ఈ కొండక్రింది పల్లెలలోనే.

ఆ విద్య శ్వాసను గమనించుట. చూచుట కతిసులభము. దీనిని 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమున జాన్ కబాట్-జిన్ అను నాతడు మతచిహ్నములను విడదీసి, ఎనిమిది వారముల పాఠముగా రోగులకు నేర్పసాగెను. పిదప సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అను మువ్వురు మనస్తత్వశాస్త్రజ్ఞులు దీనిని ఆలోచనలను పరీక్షించు మానసిక చికిత్సతో జోడించి 2002లో గ్రంథము వెలువరించిరి. వారి యుద్దేశము ముఖ్యముగా క్రుంగుబాటు మరల రాకుండ చేయుట. ఆందోళన విషయమున 2022లో ప్రకటింపబడిన యొక అమెరికా పరిశోధన గమనింపదగినది. 276 మంది రోగులను రెండు వర్గములుగా చేసి, ఒక వర్గమునకు ఎసిటలోప్రామ్ అను ప్రసిద్ధమైన మందును, రెండవదానికి ఎనిమిది వారముల ధ్యానశిక్షణను ఇచ్చిరి. ఉపశమనము రెండింటను ఇంచుమించు సమానముగా నుండెను. మందు పనికిరాదని దీని యర్థము కాదు. మందు పొసగనివారికి మఱియొక త్రోవ కలదని యర్థము.

ఆందోళన పనిచేయు విధమును మన రైతు శాస్త్రజ్ఞునికంటె బాగుగ నెఱుగును. బోరు ఎండునేమో యన్న తలంపు రాత్రి రెండుగంటలకు వచ్చును. వెంటనే గుండె దడదడలాడును. ఆ దడను చూచి గుండెజబ్బేమో యని మఱియొక భయము పుట్టును. రెండవ భయము దడను హెచ్చించును. తెల్లవాఱుసరికి మనిషి పీల్చివేయబడును. మానసిక వైద్యుడు ‘నీ భయమున నిజమెంత?’ అని విచారించి ఆ గొలుసులో నొక కడియమును తెంచును. ధ్యానము మఱియొక కడియమును తెంచును: తలంపు తలంపే కాని జరిగిన సంగతి కాదనియు, దడ వచ్చి పోవుననియు మనిషి తానై కనిపెట్టును. రెండును కలిసినప్పుడు ఒకదాని లోపమును మఱియొకటి పూరించుచున్నది.

ఇది పాశ్చాత్యులు క్రొత్తగా కనిపెట్టినది కాదు. అయిదవ శతాబ్దమున బుద్ధఘోషుడు విశుద్ధిమార్గమున నలువది ధ్యానవిషయములను చెప్పి, ఒక్కొక్క స్వభావమువానికి ఒక్కొక్కటి తగునని నిర్ణయించెను. ఎడతెగక తర్కించుకొను ‘వితర్కచరితునికి’ ఆయన విధించినది శ్వాసస్మృతియే. దానిని గ్రంథము చూచికాక, శిష్యుని స్వభావ మెఱిగిన కల్యాణమిత్రునివద్ద గ్రహింపవలెనని కూడ శాసించెను. ఇది వైద్యుని పద్ధతి కాక మఱేమి? నేటి ఆంగ్లశిక్షకులు ఘనముగా పలుకు ‘మైండ్‌ఫుల్‌నెస్’ అను మాటకు మనకు ‘ఎఱుక’ యను చక్కని పదము గలదు.

చందవరపు శిల్పములకు పట్టిన గతి యీ విద్యకును పట్టినది. ఈ కొండమీదినుండి దొంగిలింపబడిన ‘బుద్ధుని ఆరాధకులు’ అను శిల్పమును ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల 2005లో న్యూయార్కు వర్తకునివద్ద కొనెను; 2016లో మరల భారతదేశమున కప్పగించెను. రాయి తిరిగివచ్చినది. విద్యయు వచ్చినదికాని, పెద్దనగరముల ధనికులకై ఆంగ్లమున, రుసుము చెల్లించువారికై వచ్చినది. 1969లో బర్మానుండి సత్యనారాయణ గోయెంకాగారు తెచ్చిన విపస్సన మాత్రము రుసుము లేక నేర్పబడుచు, హైదరాబాదునను, నాగార్జునసాగరమునను కేంద్రములు గలిగియున్నది. అయినను పదిదినములు మౌనమున నుండుట కూలివాని కెట్లు సాధ్యము? అదియునుగాక, తీవ్రమైన మనోవ్యాధి గలవారు రావలదని ఆ కేంద్రములే హెచ్చరించుచున్నవి. ధ్యానమువలన కొందఱికి వ్యథ హెచ్చుటయు కలదు. కావున గురువుతోపాటు వైద్యుడు నుండవలెను.

‘కడుపు కాలువానికి కన్నులు మూసికొమ్మందురా?’ అని కొందఱడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. వెలిగొండకు 1996లో శంకుస్థాపన జరిగినది. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములవారు కృష్ణనీటికై ఎన్నియేండ్లు కాచుకొనిరో యెల్లరకు తెలియును. నీరు, ఫ్లోరైడు, అప్పు అను మూటికి ధ్యానము మందు కాదు. ప్రభుత్వములు ఈ బాధ్యతనుండి తప్పించుకొనుటకు ధ్యానమును సాకుగా చూపినచో మేమే ముందుగా నిరసింతుము. కాని నెలలతరబడి నిద్రలేనివాడు అప్పుకాగితము చదివి తర్కింపను లేడు, పొరుగువానితో కలిసి పోరాడను లేడు.

దేశమున 2015–16లో జరిగిన మానసికారోగ్య సర్వే పెద్దలలో నూటికి పదిమందికి పైగా ఏదో యొక మనోవ్యాధి గలదనియు, వారిలో పెక్కురకు చికిత్స అందుటలేదనియు తేల్చెను. ఇన్నివేల పల్లెలకు నిపుణులను వెంటనే పంపుట యసాధ్యము. గోవాలో విక్రమ్ పటేలు మొదలగువారు శిక్షణ పొందిన సామాన్యులచే ఆందోళన, క్రుంగుబాటు గలవారికి ఓదార్పుచికిత్స నిప్పించి, సర్కారు వైద్యశాలలలో ఫలితము కలిగినట్లు 2010లో ప్రకటించిరి. అదే మార్గము మనకును వలయును.

కనుక రాష్ట్ర ఆరోగ్యశాఖవారిని మేము కోరునది స్వల్పము. దొనకొండ మండలములోని ఆశా కార్యకర్తలలోను, నర్సులలోను కొందఱికి తగిన వైద్యుని పర్యవేక్షణమున ఎనిమిది వారముల తెలుగు పాఠమును నేర్పుడు. పాఠమున దైవనామ ముండనక్కఱలేదు. నమాజు చేయువాడును, చర్చికి పోవువాడును సంకోచింపక కూర్చుండవలెను. ప్రాణము తీసికొనవలెనను తలంపు గలవారిని ఆ పాఠమున కూర్చుండబెట్టక తక్షణమే వైద్యునివద్దకు పంపవలెను. 2022లో ప్రారంభమైన ఉచిత మానసికసహాయ టెలిఫోను 14416 అంకెలను ప్రతి గ్రామసచివాలయపు గోడపై పెద్దవిగా వ్రాయింపుడు. మొదటి తరగతిని కొండపై స్తూపమువద్ద జరుపవలెనని ఉత్సాహవంతు లెవరైన సూచింతురేమో. వలదు. ఆసుపత్రి వరండాలో, బస్సు వచ్చు వేళకు పెట్టవలెను.